జనగామ నుంచి ఆమ్‌స్టర్‌డాం అడ్రసు

ఆ సెప్టెంబరులో జనగామ స్టేషన్ రోడ్డు మీద ఎండ కాస్తున్నా, శ్రీవాణి నెట్ సెంటర్‌లోని మూల కంప్యూటర్‌లో మాత్రం వాన పడుతుండేది. వాతావరణం చూపే చిన్న పెట్టెలో ఆమ్‌స్టర్‌డాం అనీ, కింద చినుకులూ కనిపించేవి. పక్కన ఆమెకు చదవరాని భాషలో దుప్పట్ల ప్రకటనలు వచ్చేవి. ఆ కంప్యూటర్ దగ్గర ఇంకెవరినీ కూర్చోనిచ్చేది కాదు.

అది 2011. తెలంగాణ కోసం జనమంతా పనులు ఆపేసిన కాలం. బస్సులు డిపో గేటు దాటలేదు. భూపాలపల్లిలో బొగ్గు గనులు మూగబోయాయి. ఏ రోడ్డు మీద ధర్నా, ఎవరిని ఠాణాకు తీసుకుపోయారు, ఎవరు ఇల్లు చేరలేదు అన్న కబుర్లతో శ్రీవాణి ఒక బ్లాగు రాసేది. అందులో ఆమె పేరు ఉండేది కాదు. పెద్దవంగర నుంచి, గంగారం అడవి పల్లెల నుంచి ఫోన్లు వచ్చేవి. విన్నది రెండో మనిషిని అడిగి నిర్ధారించుకున్నాకే ఎక్కించేది. అందుకే ఆ బ్లాగును జనం నమ్మారు. నమ్మారు కనుకే దాన్ని వెతికేవాళ్ళూ పుట్టుకొచ్చారు.

కంప్యూటర్లు బాగుచేసే నిరంజన్ ఒక రోజు మౌస్ విప్పుతూ అన్నాడు. "వదినా, నువ్వు రాసేది ఏ ఊరి లైను మీదికెల్లి పోతదో లైను నడిపేటోళ్లకు ఎరుకైతది. పోలీసోళ్లు అడిగితే చెప్తరు."

"మరి ఎట్ల?"

"వీపీఎన్ అని ఉంటది. నీ ముచ్చటను మూట గట్టి బయటి దేశం దాకా తీస్కపోయి ఆడ ఇప్పుతది. ఫుకట్‌ది తీసుకోకు, మన ముచ్చట్లు అమ్ముకుంటరు. పైసల్ది తీసుకో."

"పైసలిస్తే అమ్మరా?"

నిరంజన్ నవ్వాడు. "అమ్మమనే అంటరు. ఈడోళ్ల కండ్లకు గంతలు కడతవ్. ఆడ ఇంకొకనికి కండ్లిస్తవ్. వాడు మంచోడని నమ్మాలె, గంతే. గంగారంల కూసున్నోన్ని నమ్మినట్టు."

"గంగారమోళ్లను ఫోన్ల గొంతు పట్టి గుర్తుపడత. వాని గొంతు ఎక్కడ వినాలె?"

ఆమె రెండు రోజులు ఆలోచించి చివరికి కొన్నది. విదేశీ కంపెనీకి డబ్బు కట్టడానికి కార్డు కావాలి. ఇంట్లో ఉన్న కార్డు మామ జనార్దన్ సేటుది ఒక్కటే. ఆయన మిర్చి, పప్పుల టోకు వ్యాపారి. గొడవ అంటే దుకాణం షట్టర్ సగం దించి లోపలికి వెళ్ళి కూర్చునే మనిషి. 'కంప్యూటర్లకు పురుగుమందు కొనాలె మామయ్యా' అంటే ఇంకో మాట అడక్కుండా కార్డు ఇచ్చాడు. నెట్ సెంటర్ లైను శ్రీవాణి పేరు మీద ఉంది. వీపీఎన్ మాత్రం జనార్దన్ పేరు మీద వచ్చింది. పట్టుబడితే పోలీసులు అడిగేది మామనే అన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు. ఆ మూట విప్పే చోటు ఆమ్‌స్టర్‌డాం కనుక, మూల కంప్యూటర్ అక్కడే ఉందనుకుని వాతావరణం పెట్టె ఆ ఊరి వానే చూపేది. ఆ వాన చూసుకుంటూ ధైర్యంగా రాసింది.

గనులు ఆగడంతో బొగ్గు కరువై కరెంటు కోతలు పెరిగాయి. ఆమె రాస్తున్న సమ్మే ఆమె తీగను తెంపింది. కంప్యూటర్లు ఇన్వర్టర్ మీద నడిచేవి. గోడ దగ్గరి మోడెం దాని మీద లేదు. కరెంటు పోతే నెట్ పోయేది, దానితో వీపీఎనూ పోయేది. కరెంటు రాగానే నెట్ దానంతటదే వచ్చేది. వీపీఎన్‌ను మాత్రం మళ్ళీ చేత్తో పెట్టాలి.

ఆ బజారులో కరెంటు వస్తే వెలిగిన బల్బుకు దండం పెట్టుకోవడం అందరికీ అలవాటు. ఒక సాయంత్రం దీపాలు వెలిగాయి, రోడ్డంతా "వచ్చె వచ్చె" అని కేక. శ్రీవాణి కళ్ళు మూసి దండం పెట్టుకుని, రాసి ఉంచిన వార్తను అదే ఊపులో ఎక్కించేసింది. తర్వాత చూస్తే వాతావరణం పెట్టెలో వాన లేదు. జనగామ అని ఉంది.

మర్నాడు వీపీఎన్ కంపెనీ నుంచి మెయిల్. 'జనార్దన్ గారూ, నిన్న మీ కనెక్షన్ పలుమార్లు తెగిపోయింది. చింతిస్తున్నాం.' వినియోగదారుల గురించి 'ఏమీ రాసిపెట్టుకోం' అని అమ్మేటప్పుడు చెప్పిన కంపెనీ అది. ఏమీ రాసుకోకపోతే తెగిందని వాళ్ళకెట్లా తెలిసింది? ఆమె ఆ మెయిల్ మళ్ళీ మళ్ళీ చదివింది. తన వెనక కుర్చీలో ఎవరో కూర్చుని చదువుతున్నట్టే ఉంది.

ఆ వారంలోనే మధ్యాహ్నం పూట ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కాళ్ళకు దుమ్ములేదు. గంటసేపు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు గానీ మౌస్ ముట్టుకోలేదు. లేచి డబ్బులిస్తూ అడిగాడు.

"ఆమ్‌స్టర్‌డాంల గూడ కరెంటు పోతదా అమ్మా?"

శ్రీవాణి చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

"జనార్దన్ సేటు బాగున్నడా? బీపీ ఉన్న మనిషి, జర పైలం."

అతను వెళ్ళిపోయాడు. లైను దగ్గర పట్టుకున్నారంటే తన పేరు దొరకాలి, మామ పేరెందుకు? వీపీఎన్ కంపెనీ వైపు నుంచే బయటికి పొక్కిందా? లేక జనగామలో సేటును ఎరగని వాళ్ళు లేరు కనుక మామూలుగా అడిగాడా? ఎటు తలుపు తెరుచుకుందో ఆమెకు తేలలేదు. ఏ తలుపైనా బయట నిలబడ్డది మామే.

ఇంటికి వెళ్ళి అంతా చెప్పింది. జనార్దన్ చెవి పెట్టి విన్నాడు.

"గా మనిషి దుకాణానికి గూడ అచ్చిండు. మిర్చి ధర అడిగిండు, ఏం కొనలే. 'మీ కోడలు మంచిగ రాస్తది సేటూ' అన్నడు. నువ్వు కైతలు రాస్తవేమో అనుకున్న బిడ్డా. పురుగుమందు అంటివి. పురుగును నా పేరు మీద ఇంట్లకు తెస్తివి."

"తీసేస్త మామయ్యా. పేరు నాది పెట్టుకుంట."

"రాసుడు బందు చెయ్యవా?"

"చెయ్య."

ఆయన లేచి వీధి తలుపు గడియ ఒకసారి తీసి మళ్ళీ వేశాడు.

మరుసటి ఉదయం ఆమె వీపీఎన్ రద్దు చేసింది. బ్లాగు పైన 'శ్రీవాణి, స్టేషన్ రోడ్డు, జనగామ' అని రాసింది. ఫోన్ చేసేవాళ్ళకు మాత్రం ఇక నుంచి మీ పేర్లు నాకు చెప్పొద్దని చెప్పింది. కొందరు ఫోన్లు మానేశారు. ఇస్త్రీ చొక్కా మనిషి మళ్ళీ రాలేదు. అతనెవరో నిరంజన్ ఎంత అడిగినా ఎవరూ చెప్పలేకపోయారు. రాష్ట్రం వచ్చాక కూడా నెట్ సెంటర్ కొన్నాళ్ళు నడిచింది. కరెంటు వస్తే ఆమె దండం పెట్టుకునేది గానీ కళ్ళు మూసేది కాదు.

జనార్దన్ సేటు ఆ తర్వాత కొన్నేళ్ళకు చనిపోయాడు. కార్డు అంతకుముందే మూతపడింది. అయినా ఆయన పేరు మీద ఆ కంపెనీ మెయిల్ ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది.

'జనార్దన్ గారూ, మీకు ప్రస్తుతం రక్షణ లేదు. మీరున్న చోటు: జనగామ.'