తోకియే అత్తగారి గోంగూర జాడీ

మా అత్తగారు తోకియే కువబారా నోట మెచ్చుకోలు మాట నేను ఇరవై రెండేళ్ళలో ఒక్కటీ వినలేదు. ఏటా ఏప్రిల్‌లో ఎర్ర గోంగూర కాయలు ముదరగానే వాటి చుట్టూ ఉండే పుల్లటి రేకులు ఒలిచి, ఉప్పు పట్టించి, రాయి బరువు పెట్టి, ఊరాక జాడీకి ఎత్తేదాన్ని. ఆవిడ ఒక రేకు తెల్లన్నం మీద పెట్టుకుని నోట్లో వేసుకునేది. నేను గుమ్మానికి ఆనుకుని ఆవిడ దవడల వంకే చూసేదాన్ని.

"దగ్గరికొచ్చింది గానీ, అది కాదే," అనేది.

"అది" అంటే జపాన్‌లో వాళ్ళ పుట్టింట్లో పెట్టే ఉమె పళ్ళ ఊరగాయ. పద్దెనిమిదో ఏట ఓడెక్కి ఈ బ్రెజిల్‌కి వచ్చినప్పుడు ఒక చిన్న జాడీ వెంట తెచ్చుకుందట. కాఫీ తోటల్లో కూలికి పోయిన రెండేళ్ళలో అది అయిపోయింది. ఇక్కడి ఎండకి ఉమె చెట్టు కాయదు. అందుకని మా జపానువాళ్ళ కాలనీ ఆడవాళ్ళు గోంగూర కాయలతో సరిపెట్టుకున్నారు. ఎరుపుకి ఎరుపు, పులుపుకి పులుపు. నేను ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, అసలుది ఎలా ఉంటుందో నాకేం తెలుసు? ఆవిడ "అది కాదు" అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

"మా అమ్మ సంగతి తెలిసిందేగా, పట్టించుకోకు," అనేవాడు మా ఆయన ఇసాము.

"మీకేం! తిని చెయ్యి కడుక్కుంటారు. ఒలిచి ఒలిచి వేళ్ళు పగిలేది నాకు."

డెబ్భై ఎనిమిది సెప్టెంబరులో ఆవిడ మంచం పట్టింది. ఏదీ మింగదు. డాక్టరుగారు వచ్చి చూసి, "ఏదో ఒకటి తినిపించండమ్మా. తిండి లేకపోతే నా మందులేం చేస్తాయి?" అని వెళ్ళిపోయారు. బియ్యం జావ కాచి, అందులో గోంగూర రేకు చిదిపి వేస్తే పూటకి మూడు నాలుగు చెంచాలు దిగేది. ఆ మాత్రం దిగుతున్నందుకు సంతోషించి నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఒకరోజు నాలుగో చెంచా మింగి, గాలి పీల్చుకుని, "దగ్గరికొచ్చింది గానీ..." అని మొదలుపెట్టింది.

"అది కాదు! అంతేగా? ఈ ముక్క విని విని నా చెవులు తూట్లు పడ్డాయి. ఉండండి, ఆ అసలుదేదో తెచ్చే పడేస్తాను!" అన్నాను. ఆవిడ నా మొహం చూసి కళ్ళు మూసుకుంది.

పట్నంలో జపాన్ సరుకుల కొట్లు ఉన్నాయని వినడమే గానీ నేనెప్పుడూ వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్నే బస్సుకి బయల్దేరుతూ, ఉన్న ఒక్క జాడీనీ తీసుకెళ్ళి పక్కింటి జులేయిదీ చేతిలో పెట్టాను. వాళ్ళది బ్రెజిల్ ఉత్తరాది, గోంగూర లేనిదే పూట గడవదు వాళ్ళకి.

"మరి మీ అత్తకో?" అంది.

"ఆవిడకి అసలుది వస్తోంది. ఇక మా ఇంట్లో ఈ ఉత్తుత్తి సరుకు ఉండదు."

"నీ కోపం నాకు కూరైంది వదినా! రోజూ ఇలాగే కోప్పడు తల్లీ," అని నవ్వింది. నేనూ నవ్వాను, సిగ్గులేనిదాన్ని.

సావో పాలోలో నాలుగు కొట్లు తిరిగితే లేదన్నారు. అయిదో కొట్లో కొట్టతను పై అరలోంచి చిన్న మట్టి కుండ దించాడు. ముడతలు పడిన పళ్ళు, ఒక్కోటి మా గోంగూర కాయంత. చూడగానే నాకు ఏడుపొచ్చేసింది. తిరుగు బస్సులో ఎనిమిది గంటలూ దాన్ని ఒళ్ళోంచి దించలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. "నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదే. గోంగూర జాడీ ఎక్కడ పెట్టి చచ్చావ్?"

"దాంతో ఇంకేం పని?" అంటూ లోపలికి పరిగెత్తాను.

జావలో పండు వేసి పట్టాను. ఆవిడ చప్పరించి, "అబ్బ! చాలా బాగుందే. ఎంత బాగుందో!" అంది. ఇరవై రెండేళ్ళకి ఆ మాట. నా కాళ్ళు నేలమీద లేవు. రెండో చెంచా పట్టేసరికి మొహం తిప్పుకుంది.

"తినండి అత్తయ్యా, బాగుందన్నారుగా."

"బాగుందిలే. మనది కాస్త పెట్టు."

"మనదా? ఏటా అది కాదు, అది కాదు అని నన్ను కాల్చుకు తిన్నారు కదా!"

"పిచ్చిమొహమా," అంది, ఆగి ఆగి. "ఇంట్లో పెట్టిన ఊరగాయని ఎవరైనా ఎదురుగా మెచ్చుకుంటారా? బూజు పట్టదూ? మా అమ్మ ఊరగాయనీ ఒక్కనాడు బాగుందనలేదు మేము. కొట్లోదానికి దిష్టి తగిలితే మనకేం? ఆ రుచి నేనెప్పుడో మర్చిపోయానే. నలభై అయిదేళ్ళుగా నాకు తెలిసింది మనదే."

పరుగున జులేయిదీ ఇంటికెళ్ళాను. తను కడిగి బోర్లించిన జాడీ చూపించింది. "నిన్న చర్చి వాళ్ళు వస్తే మాంసంలో వేసి వండేశాను వదినా. అయ్యో, ఒక్కమాట చెప్పి ఉంటే!" అది అక్టోబరు. కొత్త కాయలకి ఆరు నెలలు.

కాలనీలో మిగిలిన నాలుగు ఇళ్ళూ తిరిగితే ఒకరింట్లో అరగిన్నె దొరికింది. మనదే అని చెప్పి రేకు నాలుక మీద పెట్టాను. ఆవిడ నా కళ్ళలోకి చూసి, నా చెయ్యి నిమిరి, "బాగుందమ్మా," అంది. మనదైతే ఆవిడ ఆ మాట అనదు. మరి నోరు తెరవలేదు. తొమ్మిదో రోజున పోయింది. వయసైపోయిందని అందరూ నన్ను ఓదార్చారు. నా కోపం ఆవిడ నోటి దగ్గరి కూడు లాగేసిందని నాకు తెలుసు.

ఏప్రిల్‌లో మళ్ళీ కాయలు ఒలిచాను. జాడీ విప్పిన రోజు మొదటి రేకు పెద్దల గూట్లో ఆవిడ ఫోటో ముందు పెట్టాను. రెండోది మా ఆయనకి పెట్టాను.

"బాగుంద..." అంటుంటే ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

"అలా అనకండి. దగ్గరికొచ్చింది గానీ అది కాదు, అనండి."

ఆయన బుద్ధిగా అన్నాడు. ఆవిడ అన్నట్టు లేదు.