మచ్చిక కాని బ్యారెల్

కొత్త రైఫిల్ బ్యారెల్‌ను మచ్చిక చేసుకోవాలా, అక్కరలేదా అన్నదాని మీద షూటర్లలో ఎప్పుడూ తగవే. ఒక గుండు కాల్చి, లోపలంతా తుడిచి, మళ్లీ ఒకటి కాల్చి, మళ్లీ తుడిచి, ఇలా ఓపికగా కొన్నాళ్లు చేస్తే లోపలి ఉక్కు నునుపు తేలి గుళ్లన్నీ ఒకేచోట పడతాయని కొందరి నమ్మకం. అదంతా చాదస్తమని, గుళ్లు దండగని ఇంకొందరు కొట్టిపారేస్తారు. నేను మొదటి రకం. చాదస్తమన్న వాళ్లతో క్లబ్బులో గొంతు చించుకుని వాదించేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది తగ్గే వయసు కూడా దాటిపోయింది.

మాది ధర్మపురి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. హరూర్‌లో ప్రభుత్వ బడిలో పీటీ టీచరుగా చేసి రిటైరయ్యాను. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో పట్టుకున్న రైఫిల్‌ను ఆ తర్వాత వదల్లేదు. నన్ను మా మేనమామకే ఇచ్చి చేశారు. నేను ఆయన్ను మామా అనే పిలుస్తాను. ఆయన నన్ను ఉయ్యాల్లో వేసి ఊపిన రోజు నుంచీ ఇవాళ్టిదాకా పాపా అనే అంటాడు. గొడ్లు, మేకలు, పొద్దున పాలు, సాయంత్రం పాలు, అదే ఆయన లోకం.

పెళ్లయిన కొత్తలో ఆదివారం నేను రైఫిల్ క్లబ్బుకు పోతానంటే మా అమ్మమ్మ రాగం తీసింది. ఆవిడే నాకు అత్తగారు కూడా. "ఆడది తుపాకి పట్టేదేందిరా, ఊరంతా నగుతా ఉండాది" అని కొడుకు మీద విరుచుకుపడింది. మామ పాలచెంబు కింద పెట్టి, "కాల్చేది ఆ పాప. తుడిచేది నేను. నీకేం నొప్పి?" అన్నాడు. అప్పటికి ఆయన రైఫిల్‌ను దగ్గరగా చూసింది కూడా లేదు. ఆ మాట అనేశాడు కాబట్టి మరుసటి ఆదివారం నా వెంట వచ్చి తుడవడం నేర్చుకున్నాడు.

ఇన్నేళ్లలో ఆయన ఒక్క గుండు కాల్చలేదు. అడిగినా వద్దనేవాడు. తుడవడంలో మాత్రం ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. గుండును లోపల బిగించే బోల్ట్‌ను బయటికి తీసి, వెనక వైపు నుంచే కడ్డీ తోసేవాడు. ముందు నుంచి తోయకూడదు. గుండు బయటికి వచ్చే అంచుకు చిన్న గీత పడినా ఆ రైఫిల్ గురి పోయినట్టే. పాత పంచెలను ఉతికి ఆరేసి, కత్తిరించి చిన్న గుడ్డముక్కలు చేసేవాడు. మొదటి ముక్కను ఘాటు వాసన కొట్టే మందులో తడిపి తోసేవాడు. కాసేపు ఆగి పొడి ముక్క, ఆ తర్వాత ఇంకోటి. నల్లగా వచ్చే ముక్క బూడిద రంగుకు, బూడిద రంగుది తెల్లదనానికి వచ్చేదాకా వదిలేవాడు కాదు. తుడిచాక ఆఖరి ముక్కను నాకు చూపించేవాడు, నేను తలూపేదాన్ని. మా సంసారంలో మేము ఎక్కువ మాట్లాడుకోకుండా గడిపిన మంచి గంటలు అవే.

రెండేళ్ల కిందట నా గుళ్లు చెదరడం మొదలైంది. గురి కాగితం మీది నల్ల చుక్క నడుమ గుంపుగా పడాల్సినవి ఎటు పడితే అటు పోతున్నాయి. బ్యారెల్ అరిగిందని తేల్చాను. బెంగళూరులో తుపాకులు బాగుచేసే ఆయన లోపలికి వెలుగు పెట్టి చూసి, "ఇంకా చాలా ఏళ్లు నడుస్తాదమ్మా ఇది" అన్నాడు. నేను వినలేదు. నా రైఫిల్ సంగతి నాకు తెలియదా అని ఆయన మీదే విసుక్కున్నాను. కొత్త బ్యారెల్ బిగించుకునే వచ్చాను.

ఆ ఏడాది శీతాకాలంలో పెద్ద వయసు ఆడవాళ్లకు రాష్ట్రపోటీ ఉండింది. దానికి పోయి తీరాలని నా పట్టు. పతకాల మోజు కాదు. ఉద్యోగం అయిపోయాక నాది అని చెప్పుకోవడానికి మిగిలింది నా చాపకూ ఆ నల్ల చుక్కకూ నడుమ ఉన్న యాభై మీటర్ల నేలే. బడిలో నా తర్వాత వచ్చినావిడ నా పేరు కూడా వినలేదట. ఆ పోటీకి కూడా పనికిరాకపోతే నేనెవరినో నాకే తెలియదు అనిపించేది. ఆ భయం ఎవరికీ చెప్పలేదు, మామకు కూడా.

మా క్లబ్బు వాళ్లు కాల్చే మైదానం, రేంజి, నల్లంపల్లి అవతల గుట్ట కింద ఉంది. ఎండాకాలం కావడంతో తెల్లవారగానే మోపెడ్ మీద బయల్దేరేవాళ్లం. మొదటి ఆదివారం ఒక గుండుకు ఒక తుడుపు. ముక్కలు బొగ్గులా వచ్చాయి. నాకు సంతోషమేసింది, కొత్త బ్యారెల్ అలాగే ఉండాలి మరి. రెండో ఆదివారం కాస్త తగ్గింది. ఆ తర్వాత ఐదేసి గుళ్లకు ఒకసారి తుడవవచ్చు అన్నాను. మామ ఒప్పుకోలేదు.

"ఇంకా నల్లగానే వస్తా ఉండాది పాపా. గొట్టం ఇంకా మచ్చిక కాలా. తొందరపడొద్దు" అన్నాడు.

గొడ్లను మచ్చిక చేసిన మనిషి మాట కదా అని ఊరుకున్నాను. కాడి మోయని కోడెను ఒక్కరోజులో దున్నమంటే దున్నుతుందా? వారాలు గడిచాయి. గుళ్లు చెదురుతూనే ఉన్నాయి. నేను గురిపెట్టినప్పుడు నల్ల చుక్క వెలవెలబోయి కరిగిపోయినట్టుండేది. ఎండమావి అనుకున్నాను. గుండు ఎక్కడ పడిందో చూసే స్కోప్‌ను ఎడమ కంటి వైపు పెట్టుకోవడం నాకు అలవాటు. అందులో అంతా చక్కగానే కనిపించేది. ఇక నా చూపు మీద నాకు అనుమానమెందుకు వస్తుంది? గుండు తప్పిన ప్రతిసారీ నేను వెనక్కి తిరిగేదాన్ని. మామ నల్లటి ముక్క ఎత్తి చూపేవాడు. తప్పు నాది కాదని ఆ ముక్క చెప్పేది. నిజం చెప్పాలంటే ఆ ముక్కను చూస్తేనే నాకు ఊపిరాడేది.

పోటీకి పేరు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. ఆ ఆదివారం వరసగా నాలుగు గుళ్లు చుక్క బయట పడ్డాయి. బోల్ట్ తీసి రైఫిల్ మామకు ఇచ్చి, చాప మీదే బోర్లా పడుకుని ఉన్నాను. తుడిచాక ఆయన ఎప్పటిలాగే ముక్క ఎత్తి చూపాడు. నాకు ఏం తోచిందో, చెయ్యి చాచి ఆ ముక్కను లాక్కున్నాను.

అది పొడిగా ఉంది. అప్పుడే బ్యారెల్ లోంచి వచ్చిన ముక్కకు మందు వాసన ముక్కులు అదిరేలా ఉంటుంది. దీనికి పొగాకు వాసన. మామ చొక్కా జేబులో ఎప్పుడూ ఆకు, వక్క, పొగాకు పొట్లం ఉంటాయి.

"ఇదేంది మామా?"

"అదే... ఇప్పుడు తీసిన ముక్కే."

"తడే లేదే. పొగాకు కంపు కొడతా ఉండాది. జోబీ చూపీ."

ఆయన చూపలేదు. నేనే లేచి చేయి పెట్టాను. పొట్లం పక్కన నాలుగు మడతలు పెట్టి దాచిన నల్లటి గుడ్డముక్కలు. మొదటి ఆదివారానివి. ఆయన పక్కనున్న రేకు డబ్బా మూత ఎత్తితే ఆ రోజు తుడిచిన అసలు ముక్కలు బయటపడ్డాయి. మొదటిది కాస్త బూడిద రంగు, మిగతావన్నీ తెల్లనివే.

"ఎన్నాళ్ల నుంచి ఇట్ల చేస్తా ఉండావు?"

"మూడో వారం నుంచి. గొట్టం అప్పుడే మచ్చికయిపోయినాది పాపా. ముక్కలు పాల మాదిరి వస్తా ఉండాయి."

"మరి యాల చెప్పలేదు?"

మామ చేతిలోని కడ్డీని తువ్వాలుతో తుడుస్తూ, "చెప్తే తప్పు ఎవరి మీదికి వస్తాది?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నన్ను చిన్నపిల్లను చేసి ఆడిస్తున్నావా, నా కళ్లకు గంతలు కడతావా, ఇన్ని వారాలు నన్ను పిచ్చిదాన్ని చేశావా అని నోటికొచ్చినట్టు అరిచాను. అవతలి చాపల మీద ఉన్నవాళ్లు కాల్చడం ఆపి మా వైపు చూశారు. మామ నా అరుపులు అయిపోయేదాకా ఆగాడు. ఎప్పుడూ అంతే.

"హరూర్ బస్టాండులో బోర్డు చదివేటప్పుడు కుడికన్ను మూసుకుంటావు పాపా," అన్నాడు. "పోయిన సంవచ్చరం నుంచి చూస్తా ఉండా. నీకే తెలీదు."

జీవితమంతా ఎడమకన్ను మూసి కుడికంటితో గురి చూసినదాన్ని. ఎడమకన్ను అరచేత్తో మూసుకుని మామ వైపు చూశాను. చెవులు కనబడ్డాయి. భుజం మీది తువ్వాలు కనబడింది. ముఖం ఉండాల్సిన చోట బూడిద రంగు మసక. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి చూస్తున్న ముఖం. తర్వాత సేలంలో కళ్ల డాక్టరు కంటి నడిమి పొర దెబ్బతిందని, అద్దాలతో బాగయ్యేది కాదని చెప్పినప్పుడు నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నేను మద్దెలను ఏకంగా మార్పించినదాన్ని. చాప మీద కూర్చుండిపోయాను. రైఫిల్‌ను ఎడమ భుజానికి మార్చుకున్న వాళ్లు ఉన్నారని నాకు తెలుసు. మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాలి. నా మెడ, నా మోచేతులు అందుకు ఒప్పుకోవని కూడా తెలుసు. ఏడుపు రాలేదు. బడిలో ఆఖరి రోజు ఈల తిరిగి ఇచ్చేసినప్పుడు కూడా ఇలాగే రాలేదు.

"ఇంక చాలు మామా," అన్నాను. "పోటీ లేదు, ఏమీ లేదు. రైఫిల్ ఇచ్చేస్తాను. చిన్నపిల్లలు ఎవరన్నా కాల్చుకోనీ."

ఆయన సరే అంటాడనుకున్నాను. ఇంతకాలం నన్ను కాపాడడానికే ఇదంతా చేశాడనుకున్నాను కాబట్టి, ఇక ఆ బరువు దిగిపోయింది, ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. ఆయన తెల్లముక్కలను ఒక్కొక్కటిగా డబ్బాలో పెడుతున్నాడు. పెట్టినవే మళ్లీ తీసి పెడుతున్నాడు. కొట్టంలో దూడ చచ్చినా, అమ్మమ్మ పోయినా తడవని కళ్లు ఆ రోజు తడిసి ఉన్నాయి. అది మాత్రం రెండు కళ్లతోనూ చూశాను.

"ఇచ్చేస్తే," అన్నాడు, "ఆదివారం నేనేం తుడిచేది పాపా?"

ఆ మాట అంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. ఇన్నేళ్లూ ఆ యాభై మీటర్లు నా ఒక్కదానివే అనుకున్నాను.

గుళ్ల పెట్టె లోంచి ఒక గుండు తీసుకున్నాను. బోల్ట్ బిగించి, చాప మీద పడుకుని, కాగితాన్ని వదిలేసి దాని వెనక ఉన్న పెద్ద మట్టికట్టకు గురిపెట్టాను. అంత పెద్దదైతే ఏ కంటికైనా కనిపిస్తుంది. కాల్చాను. గుట్ట మీద కాకులు లేచాయి. బోల్ట్ తీసి రైఫిల్ మామ చేతికిచ్చాను.

"తుడువు మామా" అన్నాను.

ఆయన ముఖం తువ్వాలుతో ఒత్తుకుని, గుడ్డముక్కను మందులో తడిపి, వెనక నుంచి నింపాదిగా కడ్డీ తోయసాగాడు.