నూతిలోకి దిగిన తీగ

రాగి తీగ వెంట మైల నడుస్తుందా? నవ్వకండి. జవాబు చెప్పిన తరువాత నవ్వుదురుగాని. మీ పెరటి నూతిలోకి ఒక తీగ దిగిందనుకోండి. మీరు నూతిదాకా రానివ్వని మనిషి ఒకడు దాని రెండవ కొసను పట్టుకొని ఉన్నాడనుకోండి. ఆ నీళ్ళు మీరు తాగుతారా, తాగరా?

కళాశాల చర్చావేదిక మీద ఎవరైనా నన్నీ ప్రశ్న అడిగి ఉంటే మూడు నిమిషాలలో తేల్చేసేవాణ్ణి. అంటరానితనాన్ని ఖండిస్తూ మాట్లాడి ఒక వెండి కప్పు కూడా గెలుచుకున్నాను. అనకాపల్లిలో మా ఇంటి ముందుగదిలో, గోడ గడియారం కింద, ఆ కప్పు ఇప్పటికీ ఉంది.

రెండేళ్ళ కిందటి వేసవిలో మా మేనమామ యుద్ధభయంతో విశాఖపట్నం వదిలి, చీడికాడలో ఎరిగినవారి ఇంటికి సకుటుంబంగా పోతూ, దారిలో మా ఇంట నాలుగు రోజులు ఆగాడు. సామాన్లలో పరుపుచుట్ట కన్నా పదిలంగా బ్యాటరీ రేడియో తెచ్చాడు. దాని ఏరియల్ తీగను ఒక చెక్కకు చుట్టి చంకలోనే పెట్టుకొని తిరిగేవాడు. ఎక్కడ దిగితే అక్కడ రెండు కర్రలకు కట్టుకోవడమే, లోకమంతా వచ్చి పలుకుతుందని ఆయన ధీమా.

సరిగా ఆ రోజులలోనే, ఏటేటా మా ఇంటికి బెల్లం తెచ్చే తుమ్మపాల చెరకు రైతూ, అతని భార్యా ఒక ఇంగ్లీషు కార్డు పట్టుకొని వచ్చారు. కొడుకు సైన్యంలో చేరి సముద్రాలు దాటి వెళ్ళాడు. ఏడాది కావస్తున్నా ఉత్తరం లేదు. కార్డు చదివి నేను ఉలిక్కిపడ్డాను. సిపాయిల మాటలను గ్రామఫోను ప్లేట్ల మీదికి ఎక్కించారనీ, వచ్చే ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు అతని మాటలు రేడియోలో ఒక్కసారి వినిపిస్తారనీ దానిలో ఉంది.

"అంటే ఏటి బాబూ? ఉత్తరం సదువుతారా?" అంది ఆ తల్లి.

"ఉత్తరం కాదమ్మా. మీ అబ్బాయి గొంతే."

"గొంతే!" అని ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "ఇన్నావా? మనోడి గొంతేనంట!"

"మా ఇంట్లో వినిపిస్తాను. నాది పూచీ," అన్నాను.

శనివారం రేడియో పెట్టి చూస్తే, పెనంలో చెరకు రసం మరిగినట్టు బుసబుసలు తప్ప మరేమీ లేదు. వసారాలో కట్టిన తీగను విప్పి రెండు కొబ్బరిచెట్ల నడుమ కట్టాము. ఉత్తరానికి చాచినదాన్ని తూర్పుకు చాచాము. బ్యాటరీ కొసలు తుడిచాము. బుస తగ్గలేదు.

"సముద్రం ఒడ్డున గంటలా మోగేదిరా. మీ ఊరొచ్చి మూగబోయింది," అని మామయ్య నిట్టూర్చాడు.

"మూగ కాదు, జలుబు. మిరియాల కషాయం పట్టండి," అంది మా నాయనమ్మ వంటింటి గుమ్మంలోంచి.

ఆదివారం ఉదయం గడియారాలు బాగుచేసే సాయిబుగారిని పిలిపించాము. మా గోడ గడియారం ఎన్నిసార్లు ఆగినా ఆయన వీధి అరుగు మీదనే కూర్చొని బాగుచేసి ఇచ్చేవారు. లోపలికి రమ్మని మేము అననూ లేదు, ఆయన రానూ లేదు. ఆనాడూ అరుగు మీదనే కూర్చొని, కిటికీలో పెట్టిన రేడియోను అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏరియల్‌కేం లోటు లేదు బాబూ. నేలలోకి దిగే ఎర్తు తీగకే తడి లేదు. ఊచ ఎక్కడ పాతారు?"

"పెరట్లో."

"ఈ ఎండలకి మట్టి పెంకులాగ అయిపోయుంటుంది. తీగని నూతిలోకి దింపితే పలుకుతుంది." సంచీలోంచి లావుపాటి తీగ తీశారు. దాని కొసన ఒక రాగి రేకు గట్టిగా మాటువేసి ఉంది. "నేనే దింపి కట్టేస్తాను. పావుగంట పని."

నాయనమ్మ గుమ్మంలోంచే, "ఆ తీగ నూతిలోకా?" అంది.

ఆవిడ అన్నది అంతే. వద్దనలేదు. మరో మాట అనేలోగా నేనే అందుకొని తీర్పు చెప్పేశాను. సాయిబుగారి తీగ వద్దు. మామయ్య పెట్టెలో ఉన్న సన్నతీగ వాడుదాం. రేకు బదులు నాయనమ్మ పాత రాగి చెంబు దింపుదాం. సాయిబుగారు అరుగు మీదనుంచే చెబుతారు, నూతి దగ్గర నేను కడతాను. ఎవరి మనసూ నొప్పించకుండా చిక్కు విడదీశానని లోలోపల పొంగిపోయాను.

సాయిబుగారు నా వంక ఒక్క క్షణం చూసి తీగను మళ్ళీ సంచీలో పెట్టుకున్నారు. "మీ ఇష్టం బాబూ. ఆ సన్నతీగ మీద లక్కపూత ఉంటుంది, అది ఉంటే పట్టు నిలవదు. రాగి మెరిసేదాకా గీకి, అప్పుడు చెంబు మెడకి బిగించండి."

నాయనమ్మ చెంబును చింతపండుతో తళతళలాడేలా తోమి ఇచ్చింది. ఆయన వీధి అరుగు మీద, నేను పెరట్లో, నడిమింట మామయ్య.

"మెరుస్తోందా అంటున్నాడు!" అని మామయ్య కేక.

చాకుతో రెండు గీతలు గీశానో లేదో, "మెరుస్తోందని చెప్పండి!" అన్నాను. మెరవడం లేదు. నాలుగు చుట్లు చుట్టి, చెంబుకు తాడు కట్టి నూతిలోకి వదిలాను.

రేడియో పలికింది! ఎవరో పాడుతున్న పాట, పక్కన కూర్చొని పాడినంత స్పష్టంగా వినిపించింది. మామయ్య నా వీపు చరిచాడు.

ఆరు కాకముందే తుమ్మపాల దంపతులు బండి దిగారు. ఆవిడ పసుపు రాసుకొని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. సాయిబుగారితో సహా అందరూ అరుగు మీద కూర్చున్నారు. నేనూ నాయనమ్మా ముందుగదిలో ఉన్నాము. ఎవరెవరో సిపాయిలు ఏవేవో భాషలలో మాట్లాడారు. ఆ తరువాత ఒక నంబరు, దాని వెంట 'తుమ్మపాల' అన్న మాట, ఆ వెంటనే గొంతు:

"అమా, నాను బాగున్నాను. అయ్యకి సెప్పు. ఎర్రావు ఈనిందా? అమా, నీకొక మాట సెప్పాల. బయపడకు. నాకేటీ పర్నేదు గానీ..."

బుస.

సాయిబుగారు ఒక్క ఉదుటున లేచారు. "చెంబు దగ్గర! ముడి వదిలింది!" అంటూ గుమ్మం దాకా వచ్చి, అక్కడ ఎవరో పట్టి ఆపినట్టు ఆగిపోయారు. ఎవరూ పట్టుకోలేదు. నేను దారి ఇవ్వాలి, లేదా నేనైనా పరుగెత్తాలి. నేను ఏమి చేశానో తెలుసునా? నాయనమ్మ ముఖం వైపు చూశాను.

"నా మొహం చూస్తావేమిరా! ఆయన్ని వెళ్ళనీ!" అని ఆవిడ అరిచింది.

చెప్పులు విడిచి ఆయన మూడు గదులు దాటి పరుగెత్తారు. తాడుతో చెంబును పైకి లాగి, ఊడిన కొసను పంటితో గీకి, చెంబు మెడకు బిగించి మళ్ళీ నూతిలోకి దింపారు. ఆ మరుక్షణమే రేడియో ఖంగుమంది. అరవంలో మరెవరో సిపాయి తన తల్లిని పిలుస్తున్నాడు.

ఆ తల్లి ఏడవలేదు. రేడియో దగ్గరికి జరిగి, దానినీ నన్నూ మార్చి మార్చి చూసింది. "గానీ... గానీ ఏటి బాబూ?"

తడిసిన చేతులతో సాయిబుగారు వెనక్కి వచ్చి, చెప్పులు తొడుక్కున్నారు.

మరునాడు ఉదయం నాకు రెండవ దెబ్బ తగిలింది. నాయనమ్మ ఎప్పటిలాగే అదే నూతిలో చేద వేసి, అవే నీళ్ళు తోడి, తాగింది. శుద్ధి లేదు, గొణుగుడు లేదు. నేను గోడ అనుకున్నచోట గోడ లేదు. ఒక ప్రశ్న మాత్రమే ఉంది. ప్రశ్నలడగడమే చదువుగా చదివిన నేను ఆవిడను అడగలేదు. మైల ఉందని ఆవిడకన్నా ముందు ఒప్పుకున్నది నేను. ఆ తల్లి వినవలసిన మాటలను నూతిలో జారవిడిచింది నా ముడి, నా అబద్ధం.

ఇంతవరకూ అతని దగ్గరనుంచి ఉత్తరం లేదు. ఆవిడ బెల్లం బండితో వచ్చినప్పుడల్లా అదే మాట అడుగుతుంది. కాలికి దెబ్బ తగిలిందేమో, పెళ్ళి చేసుకున్నాడేమో అని వాళ్ళాయన ఏదో ఒకటి చెప్పి నవ్వించబోతాడు. ఆవిడ నవ్వదు.

చదువరులారా, మీ అరుగు మీద ఎన్నేళ్ళుగానో కూర్చొని పని చేసి పోయే మనిషి ఒకరుంటారు. ఈ వారమే వారిని నూతిదాకా తీసుకువెళ్ళండి. ఇంట్లో పెద్దవారు ఏమంటారో ఊహించి ఆగిపోకండి, నోరు తెరిచి అడగండి. మరొక్క మనవి. ఆ ఆదివారం సాయంత్రం మీలో ఎవరి ఇంట్లోనైనా రేడియో సరిగా పలికి ఉంటే, తుమ్మపాల సిపాయి 'గానీ' అన్న తరువాత ఏమన్నాడో విని ఉంటే, దయచేసి చెప్పండి. మంచి మాటైనా, చెడ్డ మాటైనా, ఆవిడకు నేను చేరవేయాలి.