కొబ్బరి మొద్దుకి మైకు పెట్టిన క్లాసు

తెనాలిలో మా మైకు సెట్టుకి ఒక్కటే పరీక్ష. పెళ్లి పందిట్లో పాట వేస్తే పక్క ఊరు అంగలకుదురులో వినబడాలి. వినబడకపోతే పెళ్లివారు మర్యాద తక్కువైందని మూతి ముడుచుకునేవారు. పందిట్లో కూర్చున్నవాళ్ల చెవులు ఏమైపోయాయని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. నేను థర్డు ఫారంతో బడికి దణ్ణం పెట్టి ఈ పనిలోకి దిగినవాణ్ణి. నాకు తెలిసిన శాస్త్రమంతా ఆంప్లిఫయరు మీట తిప్పడంలోనే ఉండేది, అదీ పెంచే వైపుకే.

డెబ్బైల మొదట్లో ఒక పెళ్లికి సెట్టు వేసుకుని రేపల్లె వెళ్లాను. టిఫిన్ల వేళ ఒక పెద్దమనిషి నా దగ్గరికొచ్చారు. తెల్ల చొక్కా, నడి ఎండాకాలంలో మెడకి మఫ్లరు. నా చెవి దగ్గరికి వంగి గుసగుసగా ఏదో అన్నారు.

"రహస్యమేమైనా ఉందాండి? పెళ్లికొడుకు సంగతైతే ఇప్పుడే చెప్పెయ్యండి, ఇంకా తాళి కట్టలేదు," అన్నాను.

ఆయన నవ్వారు. నవ్వు కూడా గాలిలాగే వచ్చింది. "రహస్యం కాదయ్యా. నా గొంతే ఇంత."

బాపట్లలో, యూనివర్సిటీ కింద నడిచే ఒక కాలేజీలో ఆయన లెక్చరరు. పంటల్ని తినే పురుగుల గురించి పాఠం చెప్పేవారు. గొంతుకి ఆపరేషన్ జరిగాక మాట ఇలా మిగిలింది. రెండు సెక్షన్లని కలిపి పెద్ద హాల్లో కూర్చోబెట్టే క్లాసు కావడంతో సగం బెంచీలు దాటి మాట చేరడం లేదు. పాఠం ఇంకొకరికి అప్పగించి, ఆయన్ని పురుగుల మ్యూజియం చూసుకోమన్నారట ప్రిన్సిపాలు. మ్యూజియం అంటే గాజు పెట్టెల్లో గుండుసూదులు గుచ్చిన పురుగులు.

"అవి సందేహాలడగవు. వాటితో నాకేం పనయ్యా?" అన్నారు. మైకు పెట్టుకుని చెబుతానని ప్రిన్సిపాలుని బతిమాలి ఒప్పించారు. ఆ మైకు నేను తేవాలి.

కాలేజీ మెట్లు నేను ఎక్కింది అలాగ, నెత్తిన ఆంప్లిఫయరుతో.

మొదటి క్లాసు సంగతి చెప్పుకుంటే సిగ్గు. హాల్లో నాలుగు గోడలున్నాయన్నది మర్చిపోయి, ఊళ్లో పందిరికి పెట్టినట్టే పెట్టాను. ఆయన నోరు తెరవగానే హారను కీచుమని కూత పెట్టింది. కుర్రాళ్లు బల్లలు చరిచారు.

"అన్నా, పెళ్లి పాట వెయ్యి," అన్నాడొకడు.

"పెళ్లికూతుర్ని చూపించు, వేస్తాను," అన్నాను. నా నోరు ఊరుకోదు.

తగ్గిస్తే కూత ఆగింది గానీ, ఆయన మాట హారనులోంచి వడగాలిలా వచ్చింది. గొంతులో లేని మాటని మైకు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది? వరండాలో నిలబడి వింటున్న ప్రిన్సిపాలు లోపలికి రాకుండానే, "వచ్చే వారం నేనే వెనక బెంచీలో కూర్చుంటానండి. అప్పటికీ ఇంతే అయితే ఏమీ అనుకోవద్దు," అని వెళ్లిపోయారు.

గంట కొట్టాక కుర్రాళ్లు లేచి గోల చేస్తున్నారు. ఆయన అలసిపోయి చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టారు, సరిగ్గా మైకు ముందు. నేను అప్పుడే హారను వైరు సరిచూద్దామని మీట పెంచాను. టక్, టక్, టక్. హాలంతా గడియారం నడిచింది. తలుపు దగ్గరికి వెళ్లినవాళ్లు కూడా గోల ఆపి వెనక్కి చూశారు.

"తప్పైపోయింది మాస్టారూ," అని ఆపబోయాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. గడియారం వంక, హారను వంక, ఆగిపోయిన కుర్రాళ్ల వంక చూశారు. "వచ్చే వారం ఒక బొంత తీసుకురా," అన్నారు. పాతిక ఊళ్లలో సెట్టు పెట్టాను, బొంత అడిగినవారు ఆయనొక్కరే. చలి జ్వరం వచ్చిందేమో అనుకున్నాను.

వారం తిరిగి వెళ్లేసరికి తెలిసింది, బొంత మొద్దుకట. నిజాంపట్నం వైపు తోటల్లోంచి కొట్టించిన కొబ్బరి మొద్దు ఒకటి గోనె సంచిలో తెప్పించారు. దాన్ని బల్ల మీద పెట్టి, మైకు దానికి ఆనించి, రెండిటినీ కలిపి బొంతలో చుట్టించారు. హారనుని వెనక గోడ దగ్గర పెట్టి, నోరు గోడ వైపు తిప్పించారు. ఎంత పెంచినా ఈసారి కూత లేదు.

"ఎవరికండి మాస్టారూ ఈ సేవంతా? లోపల బాలింతేమైనా ఉందా?" అన్నాను.

"ఉంది, పిల్లలతో సహా," అన్నారు.

ప్రిన్సిపాలు చెప్పినట్టే వెనక బెంచీలో కూర్చున్నారు. మాస్టారు వేలు పెదవి మీద పెట్టుకుని నాకు సైగ చేశారు. మీట పూర్తిగా తిప్పాను. ముందు హోరు. కుర్రాళ్లు నవ్వబోయి ఆగారు. ఆ హోరులోంచి, పంటి కింద చెరుకు నలిగినట్టు, కరకర, కరకర. ఆగి మళ్లీ కరకర. లోపల ఎవరో తీరిగ్గా కూర్చుని భోంచేస్తున్నారు.

అప్పుడు మాట్లాడారాయన, మైకు లేకుండానే. ఇది ముక్కు పురుగు పిల్ల. చెట్టు పైకి పచ్చగా నవనవలాడుతూనే ఉంటుంది. నెత్తి మీది లేతాకు మొవ్వు వాలిపోయేసరికి లోపల మిగిలేది పిప్పి. రైతు చెవి మానుకి ఆనిస్తే ముందే తెలుస్తుంది. మీరు రేపు ఏ తోటలోకి వెళ్లినా కళ్లకన్నా ముందు చెవి పెట్టండి. గుసగుసలాంటి ఆ మాట, పురుగు చప్పుడు కోసం ఊపిరి బిగబట్టిన హాల్లో, చివరి గోడ దాకా నడుచుకుంటూ వెళ్లింది. గొంతు పెంచడం కుదరక ఆయన మా అందరి గోలనీ తగ్గించారు. ఇన్నేళ్లు మీట తిప్పిన నాకు తట్టని ఉపాయం అది.

ప్రిన్సిపాలు లేచి ముందుకొచ్చి, బొంత తొలగించి మొద్దుకి చెవి ఆనించారు. 

"ఇది ఇంకా తింటుందాండి మాస్టారూ?"

"తింటుందండి. చెట్టు అయిపోయేదాకా."

"అయితే దీన్ని ఆపేదెలాగో వచ్చే వారం చెప్పండి. నేను రాను, మీరే చూసుకోండి," అన్నారు. మాస్టారు మఫ్లరు సర్దుకుంటూ కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

మరుసటి వారం నేను వెళ్లేసరికి బెంచీలన్నీ బల్ల దాకా జరిగి ఉన్నాయి. సెట్టు విప్పబోతే మాస్టారు వద్దని చెయ్యి ఊపి పాఠం మొదలుపెట్టారు. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. పెదవులు కదలడం కనిపిస్తోంది, కుర్రాళ్ల కలాలు కదులుతున్నాయి, నాకు మాత్రం ఒక్కోమాటే అందుతోంది. పురుగుని ఎలా చంపాలో తెలుసుకోకుండా తెనాలి బండెక్కడం నా వల్ల కాలేదు. నాలుగడుగులు ముందుకు వేశాను. పెళ్లి పాట అడిగిన కుర్రాడు పక్కకి జరిగి, "కూర్చో అన్నా, వినబడదు," అన్నాడు.

కూర్చున్నాను.