తొండం మొలిచిన విలాయతి సింహం

నేను తోముతున్న కొద్దీ సింహం ముక్కు సాగుతూనే ఉంది.

మొదట మట్టి అనుకున్నాను. ఇంకాస్త చింతపండు, ఇంకాస్త ఇటుక పొడి వేసి, స్టీలు పీచుతో కసిగా రుద్దాను. ముక్కు మోకాళ్ల దాకా వచ్చింది! ఆ సాయంత్రం మా ఇంటి పరువు మోరీలో ఎలా కొట్టుకుపోయిందో చెప్తాను, మీరు హాయిగా నవ్వుకోండి. నేను కూడా ఈమధ్యే నవ్వడం మొదలుపెట్టాను.

అప్పట్లో మేం చంద్రపూర్ పక్కన పద్మాపూర్ గని క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా నానమ్మ రాజమ్మ దగ్గర వెండిపూత పళ్లెం ఒకటి ఉండేది. రెండు చెవులు, అంచు చుట్టూ ద్రాక్షతీగ. తాత గని మేనేజరు బంగ్లాలో వంట చేసేవాడట. మేనేజరు భార్య, ఇంగ్లాండు దొరసాని, తమ దేశం వెళ్లిపోతూ దాన్ని తాత చేతిలో పెట్టిందట. క్రిస్మస్‌కు నానమ్మ గులాబీ పువ్వులనే పిండివంట చేసి ఆ పళ్లెంలోనే ఇంటింటికీ పంచేది. వాటితో పాటు కథ కూడా వడ్డించేది.

"మీ తాత చేసిన పులుసు తిని దొరసాని ఏడ్చిందే! కారానికి కాదు, ప్రేమకు!"

ఇప్పుడు చంద్రపూర్‌లో అద్దె ఇంట్లో గోడ అవతల ఎవరున్నారో తెలియదు గానీ, అప్పుడు పిట్టగోడ మీదుగా పళ్లేలు అటూ ఇటూ నడుస్తూనే ఉండేవి. గోడ అవతల శేవంతా కాకు. మరాఠీ ఆవిడ, కాకు అంటే వాళ్ల భాషలో పిన్ని. తెలుగు మా నానమ్మ దగ్గరే నేర్చుకుని, ఆ తెలుగుతోనే మా నానమ్మతో కొట్లాడేది.

"రాజమ్మా, నీ దొరసాని అంత ఝూట్. గిసొంటి పళ్లాలు బజార్ల మస్తు దొరుకుతయ్."

"నీ నోట్ల మన్నువడ! విలాయత్ నుంచి ఓడల వచ్చిందే గిది."

"అయితే సాబిత్ చెయ్, రుజువు చూపెట్టు. చేస్తే నల్లా కాడ అందరి ముందట రాజమ్మ మాటే ఖరా అని చెప్త. లేకుంటే దొరసాని కథ మల్ల జన్మల ఎత్తద్దు."

నానమ్మ ముఖం చిన్నబోయింది. తాత గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఆమెకు మిగిలింది ఆ ఒక్క కథే. అది చూసి నేను ఊరుకోగలనా? పన్నెండో తరగతితో చదువుకు దండం పెట్టినా, ఫోన్లో వీడియోలు చూడటంలో నేను డాక్టరేటు. పాత వెండిపూత సామాను వెనక్కి తిప్పితే తయారుచేసినవాళ్ల ముద్ర ఉంటుందనీ, సింహం ఉంటే ఇంగ్లాండుదనీ ఒకాయన చెప్పాడు. సగమే చూశాను లెండి. మిగతా సగం అర్థం కాక దాటేశాను.

పళ్లెం తిప్పాను. నల్లటి మచ్చలో నాలుగు కాళ్లు, ఒక తోక.

"నానమ్మా, సింహం!"

"నేను చెప్పలే?" అని నానమ్మ గోడ ఎక్కినంత పని చేసింది. "ఓ శేవంతా! సింహమున్నది! పొద్దుగూకే యాళ్లకు వచ్చి చూస్కో!"

అంతటితో ఆగితే నేను సలోమీని ఎందుకవుతాను? ముద్ర తళతళలాడాలని తోమడానికి కూర్చున్నాను. వెనక తోమాక ముందు మాత్రం ఏం పాపం చేసిందని అదీ తోమాను. అక్కడక్కడా పసుప్పచ్చగా తేలింది. ఇన్నేళ్లుగా పులిహోర పెడుతున్నారు కదా, పసుపు మరక అనుకున్నాను. మరక మొండిది. నేను దానికంటే మొండిదాన్ని. చివరికి పళ్లెం మొత్తం పులిహోర రంగుకు వచ్చింది! వెండిపూత అంతా పోయి, లోపలి ఇత్తడి నన్ను చూసి ధగధగా నవ్వుతోంది.

తిప్పి చూస్తే సింహానికి తొండం. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో మురాదాబాద్, మన ఉత్తరప్రదేశ్‌లో ఇత్తడి సామాన్లు చేసే ఊరు. ఆ ఊరు ఇంగ్లాండులో కూడా ఒకటుందేమోనని ఫోన్లో వెతికాను. ఆశ అలాంటిది మరి.

సరిగ్గా అప్పుడే కాకు కళ్లద్దాలు పెట్టుకుని దిగింది. "ఏదీ సింహం?"

నానమ్మ పళ్లెం చూసింది. నన్ను చూసింది. "ఏం జేసినవే పోరీ..." అంది.

కాకు పళ్లెం తిప్పి, తొండాన్ని మొదట్నుంచి చివరి దాకా వేలితో తడిమింది. తలెత్తి నానమ్మ ముఖం చూసింది. మళ్లీ పళ్లెం చూసింది.

"సింహచ్ ఆహే," అంది. సింహమేనట!

"శేవంతా, గది తొండమే," అంది నానమ్మ మెల్లగా.

"తొండం గాదు, నాలుక. మన చంద్రపూర్ ఎండలకు పాపం బయటవెట్టింది."

నానమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కొంగుతోనే కళ్లు కూడా తుడుచుకుంది.

"దొరసాని గీడనే బజార్ల కొన్నదేమో గానీ, ఇచ్చింది మాత్రం మా ఆయనకేనే."

"మరి చెప్పు. పులుసు తిని ఏం జేసింది దొరసాని?" అని కాకు కాళ్లు చాపుకుని కూర్చుంది, మొదటిసారి వింటున్నట్టు.

నేను మాత్రం బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఇకపై ఎవరి పళ్లేన్నీ వెనక్కి తిప్పను. పసుపు కనబడితే పీచు ముట్టను. సగం వీడియో చూసి ఏ జంతువునూ గుర్తుపట్టను. ఆమెన్.

మరునాడు పొద్దున నల్లా దగ్గర బిందెల మధ్య నిలబడి కాకు విలాయతి సింహం సంగతి అందరికీ చెబుతోంది. వెనకింటి వదిన నమ్మలేక నా వైపు తిరిగింది. "నిజమేనా సలోమీ?"

నేను బిందె కింద పెట్టి, రెండు చేతులూ బారచాపి చూపించాను. "గింత జూలున్నది వదినా!"