అరచేతిలో డీ, కాగితం మీద డాస్

పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, కుట్టుమిషను మీది గుడ్డ తీసేలోగా టైలరమ్మ ఒక పని చేసేది. బాల్ పెన్నుతో ఎడమ అరచేతిలో ఒక జర్మన్ మాట రాసుకునేది. కొలతలు రాసుకోవడానికి అలవాటుపడ్డ చెయ్యే అది. సాయంత్రానికి చెమటకీ సబ్బుకీ మాట చెరిగిపోయేది. చెరిగేలోగా అది బుర్రలోకి ఎక్కాలని ఆమె పంతం.

అత్తగారికి ఆ రాతలంటే అనుమానం. "రోజుకో నంబరు రాసుకుంటున్నావు, ఎవరిదే అది?" అని నిలదీసేది. కోడలు చదివి వినిపిస్తే, మాటలా లేదు, తుమ్ములా ఉందని అనుమానం ఇంకా పెంచుకునేది. అయినా క్లాసుకి బయల్దేరే వేళకి అన్నం డబ్బా మూత బిగించి చేతికిచ్చేది ఆవిడే.

టైలరమ్మ తండ్రి వదిలి వెళ్లిన మిషను జర్మనీలో తయారైంది. దానితో వచ్చిన చిన్న పుస్తకం, చదివే దిక్కులేక ముప్పై ఏళ్లు సొరుగులో పడి ఉంది. అందులో ఏముందో తెలుసుకుందామని ఆమె సాయంత్రం తరగతులకి వెళ్లింది. రెండో ఏడాదికి చదవగలిగింది. ఉన్నదల్లా నూనె ఎక్కడెక్కడ వెయ్యాలో. అప్పటికే ఆ భాష మీద మమకారం పుట్టడంతో మానలేకపోయింది. నలభై మూడో ఏట యూనివర్సిటీలో జర్మన్ భాషాసాహిత్యాల ఎం.ఏ.లో చేరింది.

క్లాసులో పిల్లలు ఆమెని తొందరగా నమ్మలేదు. మెడలో టేపుతో వచ్చి ముందు బెంచీలో కూర్చునే ఈవిడ ఎవరి మాటలు ఎవరికి మోస్తుందోనని గొంతులు తగ్గించేవాళ్లు. ఎవరి చొక్కా గుండీ ఊడినా సంచిలోంచి సూదీదారం తీసి, ఒంటి మీద ఉండగానే కుట్టేసేది ఆమె. కుట్టించుకున్నవాళ్లు కూడా మర్నాడు మళ్లీ గొంతు తగ్గించేవాళ్లు.

జర్మన్‌లో మనిషైనా వస్తువైనా ప్రతి పేరుకీ ముందు ఒక చిన్న మాట రావాలి. మగకి డేర్ (der), ఆడకి డీ (die), రెండూ కానిదానికి డాస్ (das). అయితే 'అమ్మాయి' అనే మాటకి డాస్ వస్తుందని ప్రొఫెసరుగారు చెప్పగానే క్లాసంతా నవ్వింది. టైలరమ్మ నవ్వలేదు.

"మనకీ అంతే కదండీ. అబ్బాయి వచ్చాడు అంటాం. అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది."

ప్రొఫెసరుగారు సుద్దముక్కతో ఆ మూడు వాక్యాలూ బోర్డు మీద రాశారు. కానీ ఆ తెలివే ఆమెకి తంటా తెచ్చింది. తొందరలో రాస్తే ఆడవాళ్లందరికీ డాస్ తగిలించేసేది. చివరి ఏడాదికి వచ్చినా చెయ్యి మాట వినలేదు.

ఆ ఏడాది మొదటి పరీక్షకి కాపలా వచ్చిన లెక్కల మాస్టారు పక్క బిల్డింగు ఆయన. నీళ్ల సీసా మీది కాగితం కూడా చింపించి చూసే మనిషి. మూడో గంటలో ఆయన చూపు టైలరమ్మ అరచేతి మీద పడింది. పొద్దున అలవాటుగా రాసుకున్న మాట: డీ ష్నైడరిన్. అంటే కుట్టుపని చేసే ఆమె. తీరా చూస్తే ప్రశ్నాపత్రంలో వ్యాసం, మీరెరిగిన ఒక వృత్తి గురించి. ఆమె రాస్తున్నది కుట్టుపని గురించే.

ఆయన కేకలు వెయ్యలేదు. చేతి మీది అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు ఒక కాగితం మీదికి ఎక్కించి, కింద ఆమెచేత సంతకం పెట్టించుకుని, పరీక్ష పూర్తి చెయ్యనిచ్చారు. ఆ మాత్రం దయ ఎందరు చూపిస్తారు?

సాయంత్రానికి గుసగుసలు మొదలయ్యాయి. ఆ ప్రశ్నాపత్రం తయారుచేసింది ప్రొఫెసరుగారు. ఆయన కోటు లైనింగు కోసం వారం నుంచీ టైలరమ్మ దగ్గరే ఉంది. ప్రశ్న ముందే చెప్పేశారనడానికి ఇంకేం కావాలి? కాపీ అని తేలితే ఆమెకి మూడేళ్లు పరీక్షలు లేవు, ఆయనకి పరువు లేదు. ఇంట్లో అత్తగారు అన్నం వడ్డిస్తూ కోడలి చెయ్యి వంక చూసింది.

మర్నాడు పరీక్షల ఆఫీసరు ముగ్గురినీ పిలిపించాడు. ప్రొఫెసరుగారు నోరు తెరిస్తే వెనకేసుకొచ్చినట్టుంటుందని ఊరుకున్నారు. కోటు మాట రాగానే టైలరమ్మ కళ్లు తుడుచుకుంది. ప్యూను అడక్కుండానే గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి పెట్టాడు. లెక్కల మాస్టారుకి జర్మన్ రాదు. ఆయన తన కాగితాన్నీ ఆమె వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరం వేలితో సరిచూడసాగారు.

"చేతి మీద మొదటి మాటకి మూడక్షరాలు. ఇక్కడా మూడే. కానీ చివరి రెండూ వేరు" అన్నారు.

ఆఫీసరు ఒక్కచోట పొరపాటు పడి ఉంటుందన్నాడు.

"ఒక్కచోట కాదండీ, ఆరు చోట్ల. ఏది కరెక్టు?"

"చెయ్యి కరెక్టు" అన్నారు ప్రొఫెసరుగారు. "కాగితమే తప్పు."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒప్పు చేతిలో పెట్టుకుని ఆరుసార్లు తప్పు రాసిందంటే, ఈవిడ చెయ్యి చూడలేదు. ప్రశ్న ముందే తెలిసి ఉంటే తప్పు నేర్చుకుని రారు కదా."

ఆఫీసరు ఫైలు మూసేశాడు. ఆ ఆరు తప్పులకీ మార్కులు మాత్రం పోయాయి.

రెండో పరీక్షనాడు గుమ్మంలో మళ్లీ లెక్కల మాస్టారే నిలబడి ఉన్నారు. టైలరమ్మ ఆయన ముందు ఆగి, ఎడమచెయ్యి చాపింది.

"సార్, ఒక్క సాయం చెయ్యండి. ఈ పరీక్షలయ్యేదాకా రోజూ నేను లోపలికి వెళ్లేముందు నా చెయ్యి చూడండి. నా మీద నాకే నమ్మకం లేదు."