పిల్లికి ఒక్కపొద్దు లేదు

"ఆంటీ, అమ్మీ లేస్తలేదు. జర జల్ది రా."

నిన్న పొద్దున జైనబ్ ఆపా కూతురు సుల్తానా ఫోన్‌లో అన్న మాట ఇంతే.

పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తాను. పక్క గల్లీయే. నేను వెళ్ళేసరికి ఆపా నమాజు చేసుకున్న చాప మీదే గోడకు ఒరిగి ఉంది. చేయి పట్టుకుంటే చల్లగా తగిలింది.

మొన్న సాయంత్రం నా జాకెట్టు కొలతలు తీస్తూ నవ్విన మనిషి. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

వనపర్తిలో చాలామందికి ఆమె టైలర్ ఆపా. నాకు ఇరవై ఏళ్ళ స్నేహితురాలు. ఆమె మిషన్ కింద ఎప్పుడూ ఒక తెల్లపిల్లి పడుకుని ఉండేది. దాని పేరు మున్నీ.

రెండేళ్ళ కింద మున్నీ కుండెడు నీళ్ళు తాగడం, ఎంత తిన్నా చిక్కిపోవడం మొదలైంది. పశువుల దవాఖానలో రక్తం చూసి డాక్టర్ షుగర్ అన్నాడు. రెండు పూటలా ఇన్సులిన్ అన్నాడు.

సిరంజీలకు వెళితే మెడికల్ షాపు అతను, "పిల్లికి షుగరా ఆపా? మిఠాయి దుకాణంల పెంచినవా?" అన్నాడట.

"లేదు బేటా, నీ తియ్యటి మాటలు ఇని వచ్చింది" అందట ఆపా.

అప్పటి నుంచి పొద్దున ఏడు, సాయంత్రం ఏడు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం పెట్టేది. అది తిన్నాక, మెడ వెనక తోలు మెల్లగా ఎత్తి, సిరంజీ మీద రెండు గీతల మందు ఎక్కించేది. మున్నీ కదిలేది కూడా కాదు.

నాకూ నేర్పింది.

ఒకసారి ఆపా రాజోలిలో చెల్లెలి ఇంటికి వెళుతూ మున్నీని రెండు రోజులు నాకు అప్పగించింది. మాంసం తానే ఉడికించి డబ్బాలో పెట్టి ఇచ్చింది. పదేళ్ళ కింద మొక్కుకుని నేను మాంసం మానేశాను. ముఖం పక్కకు తిప్పుకుని చెంచాతో పెట్టాను.

రెండో రోజు ఏకాదశి. నేను ఒక్కపొద్దు. ఆ పొద్దున మున్నీ గిన్నె వాసన చూసి పక్కకు వెళ్ళిపోయింది.

నిజం చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. నోరు లేని జీవం కూడా ఏకాదశి పాటిస్తోంది అనుకున్నాను. మందు వేళ మాత్రం తప్పకూడదని సూది వేసేశాను.

గంటన్నర కాలేదు. మున్నీ లేచి నడవబోయి తూలింది. కాళ్ళు వణికాయి. పిలిస్తే చూపు నా మీద నిలవలేదు.

ఆపాకు ఫోన్ చేశాను.

"తిన్నదా?"

"లేదు ఆపా, ఒక్కపొద్దు ఉన్నది..."

"యా అల్లా! తేనె ఉందా ఇంట్ల? చిగుళ్ళకు రుద్దు. నోట్ల పొయ్యకు, పొరబోతది. రుద్దుకుంట దవాఖానకు ఉరుకు."

తేనె ఉంది. అభిషేకానికి తెచ్చి దేవుడి ముందు పెట్టిన సీసా. ఆటోలో వేలితో రాస్తూ రామా రామా అంటూనే ఉన్నాను. దవాఖాన చేరేలోపు మున్నీ మెడ నిలిపింది.

తిరిగి వచ్చాక ఆపా నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నా చేయి పట్టుకుని అంది:

"రంజాన్ల నేను ఒక్కపొద్దుంట. ఏకాదశికి నువ్వుంటవు. పిల్లికి ఏ ఒక్కపొద్దూ లేదు అనసూయా. ముందు తిండి, తర్వాత సూది. తినకుంటే సూది ఇయ్యకు, నాకు ఫోన్ చెయ్యి."

నాకు ఫోన్ చెయ్యి.

నిన్న మున్నీ ఏమీ తినలేదు. ఎవరికి చేయాలి?

మధ్యాహ్నం మగవాళ్ళు జనాజా మోసుకుని వెళ్ళిపోయారు. ఆడవాళ్ళం ఇంట్లో ఉండిపోయాం. మున్నీ మిషన్ కింది నుంచి బయటికి రాలేదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు పంపిన గిన్నెలు చాలా ఉన్నాయి కానీ అన్నిట్లో మసాలా.

సుల్తానా గద్వాల నుంచి మొన్ననే వచ్చింది. పాపం, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో ఫ్రిజ్‌లోని మందు సీసా తెచ్చి, "ఏడు కావస్తుంది ఆంటీ, సూది ఇయ్యాల్నా?" అని అడిగింది.

వద్దన్నాను.

డాక్టర్‌కు ఫోన్ చేస్తే, "తినకుంటే వద్దమ్మా. సగం తింటే సగం డోసే ఇయ్యి. రేపు పొద్దుగాల గూడ ముట్టకుంటే తీసుకొని రా" అన్నాడు.

వేస్తే షుగర్ పడిపోతుందని భయం. వేయకపోతే పెరుగుతుందని భయం. మున్నీని చీరకొంగులో చుట్టి మా ఇంటికి తెచ్చుకున్నాను.

ఈ పొద్దున మా ఆయనను పంపి కోడిమాంసం తెప్పించాను. నా పొయ్యి మీదే, నా చేత్తోనే ఉడికించాను.

ఆయన గడపలో నిలబడి, "పదేండ్ల సంది నేనడిగితే వండలే. పిల్లికి వండుతున్నవా?" అన్నాడు. ఆయనే వచ్చి గిన్నె దించి, విసనకర్రతో చల్లార్చాడు.

చెంచాతో పెడితే మున్నీ చూడలేదు. రెండోసారీ చూడలేదు.

చివరికి మాంసం వేళ్ళతో పీచులుగా విడదీసి మూతి దగ్గర పట్టుకున్నాను. చాలాసేపు వాసన చూసింది. నా వేళ్ళు నాకింది. ఒక్క ముక్క తీసుకుంది. తర్వాత ఇంకొకటి.

సగం తిన్నది. ఒక్క గీత మందు వేశాను. రెండు గంటలు పక్కనే కూర్చుని దాని నడకే చూశాను. తూలలేదు.

నేను స్నానం చేసి దేవుడికి దీపం పెట్టేసరికి పదకొండు దాటింది. దేవుడు ఏమీ అనుకోడని నా నమ్మకం.

సాయంత్రం తింటుందో లేదో తెలియదు. ఇది రాస్తూ కూడా దాని వైపే చూస్తున్నాను.

ఆపా, పొద్దటి పూట గడిచింది. నువ్వు పరేషాన్ కాకు.

నిమ్మళంగా పండుకో. పైవాడు నీకు చల్లని చోటు ఇయ్యాలె.